ఉప్పునేలలో మొలక

మాగాయ కోసం తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచితే మరునాటికి ఊట ఊరుతుంది. ముక్కలలోని నీటిని ఉప్పు వెలికి లాగుతుంది. చవుడు నేలలో పడిన విత్తనం పోరాడవలసింది ఈ బలంతోనే.

ఎండిన విత్తనం మొలకెత్తాలంటే మొదట నీటిని పీల్చుకొని ఉబ్బాలి. నేలలోని తేమలో లవణాలు అధికంగా కరిగి ఉంటే ఆ తేమ విత్తనానికి సులభంగా అందదు. ఇందుకు మూలమైన ప్రక్రియను ద్రవాభిసరణం అంటారు. నేల తడిగానే ఉంటుంది. విత్తనం మాత్రం దాహంతో అలమటిస్తుంది. మొలక ఆలస్యమవుతుంది, ఉప్పు మరీ ఎక్కువైతే అసలు రాదు. అయితే మొలకెత్తని విత్తనమల్లా చచ్చిందని భావించరాదు. వానలకు ఉప్పు కడుగుకొనిపోయిన తరువాత మేల్కొనే విత్తనాలూ ఉన్నాయి.

మొలకెత్తినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. లేత వేళ్ల గుండా సోడియం, క్లోరైడ్ అయాన్లు ప్రవేశించి ఆకులలో పేరుకుంటాయి. ఆకుల కొనలు మాడతాయి; మొక్కకు కావలసిన పొటాషియం సరిగా అందదు; ఎదుగుదల గిడసబారుతుంది. ఎదిగిన చెట్టు ఓర్చుకొనే ఉప్పును పసిమొక్క ఓర్చుకోలేకపోవడం తరచు కనిపిస్తుంది. కనుక పెద్దచెట్ల పచ్చదనాన్ని మాత్రమే చూసి ఒక వనం క్షేమంగా ఉన్నదనుకోవడం పొరపాటు.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అటువంటి నీరు పోటుతో పాటు లోనికి వచ్చే గోదావరి ముఖద్వారంలో, కాకినాడ సమీపాన, కోరింగ మడ అడవులు పెరుగుతున్నాయి. అక్కడి ఉప్పుపొన్న తన విత్తనాన్ని తొందరపడి నేలకు విడువదు. కాయ కొమ్మకు వేలాడుతుండగానే లోపలి విత్తనం మొలకెత్తి, పొడవైన పచ్చని కాడగా కిందికి సాగుతుంది. తల్లిచెట్టు నుండి పోషణ పొందుతూ కొన్ని నెలలు పెరిగిన పిమ్మటనే రాలి బురదలో వేరూనుతుంది. తల్లి చంక దిగకుండానే నడక నేర్చిన బిడ్డ అది! మడచెట్టుది మరొక ఉపాయం: ఒంటబట్టిన ఉప్పులో కొంత భాగాన్ని ఆకులపై ఉండే గ్రంథుల ద్వారా వెలికి నెడుతుంది.

ఈ చెట్ల ఓర్పుకూ హద్దున్నది. కృష్ణా, గోదావరి ముఖద్వారాలలో మడచెట్లను నరికివేసిన కొన్ని చోట్ల నేల ఎండి కుంగింది. లోనికి వచ్చిన పోటునీరు తిరిగి పోలేక అక్కడే ఆవిరై ఉప్పును మిగిల్చింది. ఆ పల్లాలలో మడ మొలకలు సైతం నిలువలేదు. 1990ల చివరి సంవత్సరాల నుండి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి అటువంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటుకు నీరు వచ్చి, ఆటుకు వెనుదిరగడం మొదలైంది. పేరుకున్న ఉప్పు తగ్గిన తరువాత నాటిన మొక్కలు వేరూని పెరిగాయి.