వర్డ్ తెరుచుకునేలోపు వైరులో ఏం జరుగుతుంది?

ల్యాబ్‌లో "సిస్టమ్ స్లో సార్" అనే మాట మనకి కొత్త కాదు. ర్యామ్ తక్కువనో, ప్రాసెసర్ పాతదనో అనేసుకుని ఊరుకుంటాం. కానీ ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ని ప్రతి కంప్యూటర్‌లోనూ విడిగా ఇన్‌స్టాల్ చేయకుండా, ఒక సర్వర్ నుంచి స్ట్రీమ్ చేసే చోట్ల అసలు దొంగ చాలాసార్లు కంప్యూటర్‌లో ఉండడు, కేబుల్‌లో ఉంటాడు. ఆ సంగతి తెలియకపోతే కొత్త కంప్యూటర్లు కొన్నా ఆలస్యం అలాగే ఉంటుంది.

ముందు స్ట్రీమింగ్ అంటే ఏంటో చూద్దాం. సాఫ్ట్‌గ్రిడ్ అనే టెక్నాలజీని తయారు చేసిన సాఫ్ట్‌రిసిటీ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2006లో కొనేసింది. అదే తర్వాత యాప్-వీ అయింది. ఆఫీస్ 2010తో వచ్చిన క్లిక్-టు-రన్ కూడా ఈ కుటుంబంలోదే. దీన్ని రిమోట్ డెస్క్‌టాప్‌తో కలిపేయకండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో ప్రోగ్రామ్ సర్వర్‌లోనే నడుస్తుంది, మన దగ్గరికి వచ్చేది స్క్రీన్ బొమ్మ మాత్రమే. స్ట్రీమింగ్‌లో ప్రోగ్రామే ముక్కలు ముక్కలుగా మన దగ్గరికి వచ్చి, మన ప్రాసెసర్ మీదే నడుస్తుంది. అందుకే మొదటిదానిలో పని చేస్తున్నంతసేపూ నెట్‌వర్క్ వాడకం ఉంటుంది. రెండోదానిలో భారం దాదాపు అంతా మొదట్లోనే పడుతుంది.

అన్నం, పప్పు ముందు

పెళ్లి భోజనాల్లో అన్ని వంటకాలూ వచ్చేదాకా విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చోం కదా. అన్నం, పప్పు పడగానే మొదలుపెడతాం, మిగతావి వస్తూ ఉంటాయి. యాప్-వీ చేసేదీ ఇదే. ప్యాకేజీని రెండు భాగాలు చేస్తుంది. ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి తప్పనిసరిగా కావాల్సింది ఫీచర్ బ్లాక్ 1. మెయిల్ మెర్జ్ లాంటి అరుదుగా వాడేవి ఫీచర్ బ్లాక్ 2లోకి వెళ్లొచ్చు. మొదటి బ్లాక్ రాగానే వర్డ్ తెరుచుకుంటుంది. రెండోది వెనకాల నెమ్మదిగా రావచ్చు, లేదా మనం ఆ ఫీచర్ నొక్కినప్పుడు ఆ ముక్క వరకే రావచ్చు. వచ్చిన ముక్కలు డిస్క్‌లో కాష్‌గా ఉండిపోతాయి కాబట్టి, రెండోసారి తెరిస్తే వాటిని మళ్లీ సర్వర్ నుంచి తేవాల్సిన పని లేదు.

ఏది బ్లాక్ 1లోకి వెళ్లాలో ఎవరు తేలుస్తారు? ప్యాకేజీ తయారుచేసే అడ్మినిస్ట్రేటరే. సీక్వెన్సర్‌లో ప్రోగ్రామ్‌ని ఒకసారి తెరిచి, జనం రోజూ వాడే పనులు చేసి చూపిస్తే, ఆ పనులకి అవసరమైన ముక్కలు బ్లాక్ 1లో చేరతాయి. ఇది సరిగ్గా చేయకపోతే మాత్రం చిన్న పనికి కూడా సర్వర్ దగ్గరికి పరిగెత్తాల్సి వస్తుంది.

తొమ్మిది గంటల లెక్క

ఒక ల్యాబ్‌లో 60 కంప్యూటర్లున్నాయి, అందరూ సరిగ్గా 9 గంటలకి ఆఫీస్ తెరిచారు అనుకుందాం. కాష్‌లో ఏమీ లేదు. ప్యాకేజీ 1 జీబీ, సర్వర్‌కి ఉన్న లింక్ 1 గిగాబిట్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫైల్ సైజు చెప్పేది బైట్లలో, లింక్ వేగం చెప్పేది బిట్లలో. 1 బైట్ అంటే 8 బిట్లు.

మొత్తం 60 జీబీ, అంటే 480 గిగాబిట్లు. లింక్ పూర్తి వేగంతో నడిచినా 480 సెకన్లు, అంటే 8 నిమిషాలు. ఒక్కొక్కరి వాటా సెకనుకి 17 మెగాబిట్లు కూడా ఉండదు. మన కంప్యూటర్‌లోనూ గిగాబిట్ కార్డు ఉంది కదా అంటే లాభం లేదు, ఇరుకు సర్వర్ దగ్గరుంది. అదే బ్లాక్ 1 ఒక 200 ఎంబీ అనుకుని, ముందు అది మాత్రమే పంపితే? 12 జీబీ, 96 సెకన్లు. ఎనిమిది నిమిషాలు ఒకటిన్నర నిమిషానికి దిగింది. ఇక మధ్యలో ఎక్కడైనా 100 మెగాబిట్ల పాత స్విచ్ ఉంటే ఈ లెక్కలన్నీ పదింతలు. బ్లాక్ 1కే 16 నిమిషాలు, మొత్తానికి 80 నిమిషాలు.

ఆన్‌లైన్ టెస్ట్ రోజున ఆ 16 నిమిషాలంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. టైమర్ కాష్ కోసం ఆగదు.

వేగం పెంచినా తీరని ఆలస్యం

ఇంకో చిక్కుంది. ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి అడిగి తెచ్చుకోవాల్సి వస్తే, ప్రతిసారీ అడగడానికి, జవాబు రావడానికి కొంత సమయం పడుతుంది. సర్వర్ పక్క గదిలో ఉండి ఒక్కో ప్రయాణానికి 1 మిల్లీసెకను పడితే, అలాంటి 1000 అడుగుళ్లకి 1 సెకను. సర్వర్ వేరే ఊళ్లో ఉండి 50 మిల్లీసెకన్లు పడితే 50 సెకన్లు. బ్యాండ్‌విడ్త్ రెట్టింపు చేసినా ఈ 50 తగ్గదు. అందుకే బ్రాంచి ఆఫీసులున్న సంస్థలు అక్కడే ఒక స్థానిక సర్వర్ పెట్టుకుంటాయి.

కాష్ వద్దనుకునే పద్ధతి కూడా ఉంది. యాప్-వీ 5లో షేర్డ్ కంటెంట్ స్టోర్ మోడ్ పెడితే ప్రోగ్రామ్ ముక్కలు స్థానిక డిస్క్‌లో నిలవ ఉండవు. ఒకే సర్వర్‌లో ఎన్నో వర్చువల్ డెస్క్‌టాప్‌లు నడిపేవాళ్లకి డిస్క్ ఆదా అవుతుంది. బదులుగా ప్రోగ్రామ్ నడిచేటప్పుడల్లా నెట్‌వర్క్ మీద ఆధారపడాలి. డిస్క్‌లో మిగిల్చింది వైరులో కట్టాల్సిందే!

మరి ఏం చేయాలి?

మొదటిది, పరీక్షకి ముందు రోజు రాత్రే అన్ని కంప్యూటర్లలో కాష్ నింపేయడం. రాత్రి ఖాళీగా ఉన్న లింక్‌కి 8 నిమిషాలైనా 80 నిమిషాలైనా ఒకటే. రెండోది, రీబూట్ చేస్తే డిస్క్‌లోని మార్పులన్నీ చెరిపేసే సాఫ్ట్‌వేర్ ల్యాబ్‌లో ఉందేమో చూడటం. ఉంటే కాష్ కూడా దాంతోపాటే పోతుంది, రోజూ "మొదటి రోజే" అవుతుంది. మూడోది, అప్‌డేట్లు అందరికీ ఒకేసారి కాకుండా విడతలుగా పంపడం. అప్‌డేట్‌లో సాధారణంగా మారిన భాగమే వస్తుంది, కానీ అదీ 60తో గుణించాలి. విండోస్ 10 నుంచి ఉన్న డెలివరీ ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటే, ఒక కంప్యూటర్ దించుకున్న ముక్కల్ని పక్కవాటికి పంచుతుంది. బయటి లింక్ మీద భారం తగ్గుతుంది.

మన సొంత ల్యాప్‌టాప్‌కీ ఇదే వర్తిస్తుంది. క్లిక్-టు-రన్‌తో ఆఫీస్ వేసుకునేటప్పుడు, డౌన్‌లోడ్ పూర్తికాకుండానే వర్డ్ తెరుచుకోవచ్చు. "హమ్మయ్య, అయిపోయింది" అనుకుని హాట్‌స్పాట్ మీద వదిలేస్తే, మిగతా భాగం వెనకాల దిగుతూనే ఉంటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి సాయంత్రానికి నెట్ ఎందుకు లేదో అర్థం కాదు.

ఈసారి ల్యాబ్‌లో వర్డ్ నత్తనడక నడిస్తే తిట్టుకునే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో మూడు గ్రాఫులు చూడండి. సీపీయూ, డిస్క్ ఖాళీగా ఉండి ఈథర్‌నెట్ గీత ఒక్కటే పైకి ఎక్కి అక్కడే నిలబడితే, నెట్‌వర్క్‌ని అనుమానించాలి. మూడూ ఖాళీగా ఉన్నా వర్డ్ కదలకపోతే, ముక్క కోసం ఎదురుచూపులేమో కనుక్కోవాలి. ఆ స్క్రీన్‌షాట్ తీసి ల్యాబ్ ఇన్‌ఛార్జికి చూపించండి. "సిస్టమ్ స్లో సార్" అనే ఫిర్యాదు కంటే అది పదింతలు పనిచేస్తుంది.