ఎమర్జెన్సీ ఫీచర్లు: మీ ఫోన్‌లో ఏవి మన దగ్గర పని చేస్తాయి, ఏవి చేయవు?

ఫోన్ కొనేముందు నన్ను అందరూ అడిగేవి నాలుగే ప్రశ్నలు. కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, గేమ్ ఆడితే వేడెక్కుతుందా, సేల్‌లో ఎంతకు తగ్గుతుంది. "ఆపద వస్తే ఈ ఫోన్ ఏం చేస్తుంది?" అని అడిగినవాళ్లు చాలా తక్కువ. కంపెనీలు మాత్రం లాంచ్ ఈవెంట్లలో క్రాష్ డిటెక్షన్, శాటిలైట్ ఎస్ఓఎస్ అంటూ పెద్ద తెర మీద వీడియోలు చూపిస్తాయి. అవి మన ఊళ్లో కూడా పని చేస్తాయా అన్న మాట ఎవరూ ఎత్తరు.

ఎమర్జెన్సీ ఫీచర్ల విషయంలో నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఫోన్ చేసేది సగం పనే. ఆ సమాచారం అందుకునే కంట్రోల్ రూమ్, మాట అర్థం చేసుకునే మనిషి, దారి కనుక్కుని వచ్చే అంబులెన్స్, ఇవన్నీ మిగతా సగం. అవతలి సగం లేని ఫీచర్ స్పెసిఫికేషన్ షీట్‌లో ఒక లైను మాత్రమే. ఈ కొలతతోనే ఒక్కో ఫీచర్‌నూ చూద్దాం.

పవర్ బటన్: మూడుసార్లా, ఐదుసార్లా?

ఇది చాలామందికి తెలియదు: మన దేశంలో అమ్మే ప్రతి మొబైల్‌లో పానిక్ బటన్ ఉండాలని 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2017 జనవరి 1 నుంచి అమ్మే ఫోన్లకు ఇది తప్పనిసరి. ఫీచర్ ఫోన్లలో 5 లేదా 9 నంబర్ కీని నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి, లేదా స్క్రీన్ మీద ఎమర్జెన్సీ కాల్ బటన్ నొక్కి పట్టుకోవాలి. 2018 జనవరి నుంచి జీపీఎస్ కూడా తప్పనిసరి అయింది.

కాకపోతే ఆండ్రాయిడ్ 12 నుంచి గూగుల్ తన సొంత పద్ధతి తెచ్చింది. అందులో ఐదుసార్లు నొక్కాలి. ఐఫోన్‌లో సైడ్ బటన్‌తో పాటు వాల్యూమ్ బటన్ పట్టుకోవడం ఒక దారి. మన దేశంలో అయితే సైడ్ బటన్ మూడుసార్లు నొక్కినా ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. రివ్యూకి వచ్చే ఫోన్లలో చూస్తుంటాను, ఒక బ్రాండ్‌లో మూడు, ఇంకో బ్రాండ్‌లో ఐదు, ఒకదాంట్లో నొక్కగానే కౌంట్‌డౌన్, ఇంకోదాంట్లో స్క్రీన్ మీద మళ్లీ స్వైప్ చేయాలి. చెయ్యి వణుకుతున్నప్పుడు ఇవన్నీ గుర్తురావు. కాబట్టి మీ ఫోన్‌లో ఏది ఉందో ఇప్పుడే చూసుకోండి.

ఇంకో సంగతి. 2023లో బ్రిటన్ పోలీసులు తమ 999 నంబర్‌కి మనుషులెవరూ మాట్లాడని కాల్స్ విపరీతంగా పెరిగాయని, దానికి ఆండ్రాయిడ్‌లోని ఈ ఐదుసార్ల బటనే ఒక కారణమని చెప్పారు. జేబులో, బ్యాగ్‌లో దానంతట అదే నొక్కుకుపోతే అవతల ఒక లైన్ ఆక్రమించేసినట్టే. అందుకే ఫీచర్ ఆన్ చేయండి గానీ, కౌంట్‌డౌన్ తీసేయొద్దు. పొరపాటున కాల్ వెళ్లిపోతే కట్ చేయకుండా "తప్పుగా వచ్చింది, ఏమీ లేదు" అని చెప్పండి. అవతలివాళ్లు తిరిగి మీకు కాల్ చేసే పని తప్పుతుంది.

అసలు చిక్కు లొకేషన్‌తోనే

మన తెలుగువాళ్లకు 108 కొత్త కాదు. 2005లో హైదరాబాద్ కేంద్రంగా ఈఎంఆర్ఐ మొదలుపెట్టిన సేవ తర్వాత చాలా రాష్ట్రాలకు వెళ్లింది. పోలీస్, ఫైర్, అంబులెన్స్ అన్నిటికీ కలిపి 112 ఉంది. కాల్ కలవడం ఒక ఎత్తు అయితే, "మీరు ఎక్కడ ఉన్నారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంకో ఎత్తు. తెలియని ఊళ్లో, రాత్రిపూట, రోడ్డు పక్కన నిలబడి ఏం చెప్తాం? సెల్ టవర్‌ని బట్టి చూస్తే సిటీలో కొన్ని వందల మీటర్లు, పల్లెల్లో కొన్ని కిలోమీటర్ల తేడా రావచ్చు.

దీనికి బ్రిటన్‌లో 2014లో ఒక ఉపాయం కనిపెట్టారు. పేరు అడ్వాన్స్‌డ్ మొబైల్ లొకేషన్. మీరు ఎమర్జెన్సీ నంబర్‌కి కాల్ చేయగానే ఫోన్ దానంతట అదే లొకేషన్ ఆన్ చేసుకుని, జీపీఎస్, వైఫై కలిపి చోటు లెక్కగట్టి కంట్రోల్ రూమ్‌కి పంపేస్తుంది. యాప్ అక్కర్లేదు, మీరు ఏమీ నొక్కక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో 2016 నుంచి ఇది ఎమర్జెన్సీ లొకేషన్ సర్వీస్ పేరుతో ఉంది. ఐఫోన్‌లో 2018లో ఐఓఎస్ 11.3తో వచ్చింది. యూరప్‌లో 2022 మార్చి నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్లలో ఇది ఉండి తీరాలి.

నేను చెప్పిన అవతలి సగం ఇక్కడే కనిపిస్తుంది. ఇది మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎప్పటి నుంచో ఉన్నా, ఆ రాష్ట్రపు 112 సెంటర్ దానికి కనెక్ట్ అయితేనే ఉపయోగం. మన దేశంలో అలా కలిపిన మొదటి రాష్ట్రం ఉత్తరప్రదేశ్ అని గూగుల్ 2025 చివర్లో ప్రకటించింది. ఫోన్‌లో ఉన్న టెక్నాలజీ అవతలి గదికి చేరడానికి తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట!

అందుకని లొకేషన్ నోటితో చెప్పడం నేర్చుకోవాలి. నేషనల్ హైవే మీద ఉంటే పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి చూసి, రోడ్డు నంబరు, రాయి మీది అంకె, ఏ వైపు వెళ్తున్నారో చెప్పండి. హైవే హెల్ప్‌లైన్ 1033 కూడా సేవ్ చేసుకోండి. వేరే చోట అయితే గూగుల్ మ్యాప్స్‌లో నీలం చుక్క మీద నొక్కి, చుట్టుపక్కల గుడి, బడి, పెట్రోల్ బంక్ పేరు చూసి చెప్పండి. అంబులెన్స్ సిబ్బంది మొబైల్ నుంచి తిరిగి కాల్ చేస్తే ఆ నంబర్‌కి వాట్సాప్‌లో లొకేషన్ పంపొచ్చేమో అడగండి. 112 ఇండియా యాప్ కూడా లొకేషన్ పంపుతుంది, కానీ దాన్ని ముందే ఇన్‌స్టాల్ చేసుకుని వివరాలు నింపి ఉండాలి.

క్రాష్ డిటెక్షన్: కారుకి సరే, బండి సంగతేంటి?

ఐఫోన్ 14తో 2022లో వచ్చిన క్రాష్ డిటెక్షన్ నిజంగా మంచి ఇంజనీరింగ్. 256 జీ వరకు కొలిచే యాక్సిలరోమీటర్, గైరోస్కోప్, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు కారులో మారే గాలి ఒత్తిడిని పట్టే బారోమీటర్, శబ్దం వినే మైక్, వేగం చెప్పే జీపీఎస్, వీటన్నిటి డేటా కలిపి చూసి ప్రమాదం జరిగిందో లేదో తేలుస్తుంది. మీరు స్పందించకపోతే కౌంట్‌డౌన్ తర్వాత కాల్ చేసి, అక్షాంశ రేఖాంశాలు చదివి వినిపిస్తుంది. గూగుల్ పిక్సెల్‌లో ఇలాంటిది 2019 నుంచి ఉంది, మన దేశానికి 2023లో వచ్చింది.

ఆపిల్ దీన్ని సెడాన్, ఎస్‌యూవీ లాంటి ప్యాసింజర్ కార్ల ప్రమాదాల కోసం తయారు చేశామని చెప్తుంది. మన రోడ్ల లెక్క వేరు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే. బండి మీద వెళ్లేవాళ్లను ఈ ఫీచర్ కాపాడుతుందని నమ్మి కొనకండి. 2022లోనే అమెరికాలో రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ల ఫోన్లు, మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ల వాచ్‌లు ప్రమాదం జరిగిందనుకుని 911కి కాల్ చేశాయి. సెన్సర్ ఎంత మంచిదైనా దానిది అంచనాయే.

నా మాట: ఫోన్‌లో ఉంటే ఆన్ చేసి పెట్టండి, దాని కోసమే అదనంగా 30 వేలు పెట్టకండి. ఆ డబ్బులో కొంచెం ఐఎస్ఐ మార్కు ఉన్న మంచి హెల్మెట్‌కి పెడితే ఎక్కువ లాభం.

ముందే చెప్పే హెచ్చరికలు

2023లో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగి, స్క్రీన్ మీద ఎమర్జెన్సీ అలర్ట్ కనిపించింది గుర్తుందా? ఫోన్ హ్యాక్ అయిందేమోనని నాకు మెసేజ్‌లు పెట్టినవాళ్లు ఉన్నారు. అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. ఎస్ఎంఎస్ ఒక్కో నంబర్‌కీ విడివిడిగా వెళ్తుంది కాబట్టి రద్దీలో ఆలస్యమవుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అలా కాదు, టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటికీ రేడియోలాగా ఒకేసారి వెళ్తుంది. నంబర్లు తెలియక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ శబ్దం చిరాకు తెప్పించిందని సెట్టింగ్స్‌లో ఆపేసినవాళ్లు ఉంటే దయచేసి మళ్లీ ఆన్ చేయండి. తుఫాను తీరంలో ఉన్నవాళ్లకు ఇది ఆటలు కాదు.

భూకంపం అలర్ట్ కూడా 2023లోనే మన దేశపు ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. టేబుల్ మీద కదలకుండా ఉన్న ఫోన్లు యాక్సిలరోమీటర్‌తో మొదటి తరంగాలను పసిగట్టి సర్వర్‌కి చెప్తాయి. గట్టిగా ఊపే తరంగాలు వాటికంటే నెమ్మదిగా వస్తాయి కాబట్టి, దూరంగా ఉన్నవాళ్లకు కొన్ని సెకన్లు ముందు హెచ్చరిక అందుతుంది. భూకంప కేంద్రానికి దగ్గరగా ఉంటే ఆ సమయం కూడా దొరకదు. "మనకెందుకు ఇది" అనుకోకండి. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది.

సిగ్నల్ లేని చోట

ఐఫోన్ 14 నుంచి ఉన్న శాటిలైట్ ఎస్ఓఎస్ మన దేశంలో లేదు. అడవిలో ట్రెక్కింగ్‌కి వెళ్తూ ఆ ఫీచర్ ఉందని ధీమా పడితే అంతే సంగతులు. విదేశాల్లో ఉన్న మన బంధువులకు ఒక మాట చెప్పండి: అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్ మెసెంజర్ గానీ ఇండియాకు తేవడం చట్టవిరుద్ధం. అలాంటి పరికరాలతో దొరికి విమానాశ్రయాల్లో ఇబ్బంది పడ్డ పర్యాటకులు ఉన్నారు.

కానీ సముద్రంలో వేటకు వెళ్లే మత్స్యకారుల కోసం ఇస్రో తయారు చేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ 2010 నుంచే వాడుకలో ఉంది. బోటులో ఆపద వస్తే బటన్ నొక్కాలి, ఉపగ్రహం ద్వారా సమాచారం కోస్ట్‌గార్డ్‌కి చేరుతుంది. 2024లో వచ్చిన రెండో తరం పరికరం ఇంకా నచ్చింది నాకు. "మీ సందేశం అందింది" అని తిరిగి జవాబు వస్తుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే మన భాషలో మెసేజ్ చదువుకోవచ్చు. నేను మొదట చెప్పిన రెండు సగాలూ కలిసిన పరికరం ఇది.

కరెంటు పోయాక

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో టవర్లు కూలాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలో విజయవాడలో కాలనీలకు కాలనీలు కరెంటు లేకుండా నీళ్లలో ఉన్నాయి. ఛార్జింగ్ లేకపోతే పైన చెప్పినవన్నీ వృథా. వర్షాకాలంలో పవర్ బ్యాంక్ నింపి పెట్టుకోండి, హెచ్చరిక రాగానే ఫోన్ అల్ట్రా పవర్ సేవింగ్‌లో పెట్టండి. ఎఫ్ఎం రేడియో ఉన్న ఫోన్ అయితే వైర్ ఇయర్‌ఫోన్ ఒకటి దాచుకోండి, చాలా ఫోన్లలో యాంటెన్నా అదే. విపత్తుల్లో పనికొస్తుంది కాబట్టి ఎఫ్ఎం తీసేయొద్దని 2023లో కేంద్రం ఫోన్ కంపెనీలకు చెప్పింది కూడా. అయినా ఖరీదైన ఫోన్లలో అది కనిపించడం లేదు.

ఈ పది నిమిషాల పని ఇప్పుడే చేయండి

1. సెట్టింగ్స్ సెర్చ్‌లో "ఎమర్జెన్సీ" అని ఇంగ్లీష్‌లో టైప్ చేయండి. బ్రాండ్ ఏదైనా కావాల్సినవన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

2. మెడికల్ ఇన్ఫర్మేషన్ నింపండి. బ్లడ్ గ్రూప్, షుగర్, బీపీ, ఏ మందులు పడవు, రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు. లాక్ స్క్రీన్ మీద కనిపించేలా ఆప్షన్ ఆన్ చేయండి. నేను మా నాన్నగారి ఫోన్‌లో మందుల పేర్లు ఇంగ్లీష్‌లో రాసి పెట్టాను, ఏ ఊరి డాక్టరైనా చదవగలగాలని.

3. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌లో అమెరికాలో ఉన్న అబ్బాయి నంబర్ కంటే ముందు పక్కింటివాళ్ల నంబర్ పెట్టండి. అర్ధరాత్రి మెట్లు ఎక్కి తలుపు కొట్టగలిగేది వాళ్లే.

4. 112కి కాల్ చేయడానికి బ్యాలెన్స్ అక్కర్లేదు. కానీ కాంటాక్ట్‌లకు వెళ్లే ఎస్ఎంఎస్‌కి ప్లాన్ ఉండాలి. పెద్దవాళ్ల ఫోన్ రీఛార్జ్ గడువు మీరే గుర్తుపెట్టుకోండి.

5. బటన్ ఎన్నిసార్లు నొక్కాలో ఇంట్లో అందరికీ చూపించండి. కౌంట్‌డౌన్ మొదలవగానే క్యాన్సిల్ చేయండి, కాల్ వెళ్లనివ్వకండి.

దీనికి కొత్త ఫోన్ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. ఇకపై నా రివ్యూల్లో కూడా కెమెరా, బ్యాటరీ పక్కన ఎమర్జెన్సీకి ఒక కాలమ్ ఉంటుంది: ఫీచర్ ఉందా అని కాదు, మన రాష్ట్రాల్లో పని చేస్తుందా అని.