లెక్కకెక్కని మోటారు

మిరప పూత, పిందె మీద ఉన్నప్పుడు తడి తప్పకూడదు. పల్నాడు మెట్టల్లో, దర్శి, మార్కాపురం వైపు బోర్ల కింద మోటార్లు కాలితే ఎక్కువ నష్టం అప్పుడే. కాలిన మోటారును పైపులతో సహా పైకి లాగాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి. కూలీ, బండి కిరాయి, వైండింగ్ ఖర్చు అన్నీ రైతువే. ఈలోగా రాలిన పూత కూడా.

నీరు లోతుకు దిగేకొద్దీ రైతు పెద్ద మోటారు దించాడు. చాలాచోట్ల ట్రాన్స్‌ఫార్మర్ పాతదే. కరెంటు రాగానే ఆటోస్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఆ క్షణాన ఒక్కొక్కటీ మామూలు కంటే ఐదారు రెట్లు గుంజుతుంది. లైను చివర 415 వోల్టులు ఉండాల్సింది 330కి పడితే మోటారు తిప్పే బలం 63 శాతానికి జారుతుంది. నీళ్లెత్తలేక వేడెక్కి కాలిపోతుంది.

దీనికి మందు తెలియనిది కాదు. 11 కేవీ తీగను పొలం దాకా తెచ్చి, రెండు మూడు బోర్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి అది. అదే తీగలో అదే లోడును 415కు బదులు 11,000 వోల్టుల మీద పంపితే తీగలో పోయే నష్టం దాదాపు 700 వంతుల్లో ఒక వంతే. కానీ పెట్టుబడి ఎక్కువ. పైగా బోరు ఆడకపోయినా ప్రతి చిన్న ట్రాన్స్‌ఫార్మరూ కొంత కరెంటు తింటుంది. ఎక్కడ గిట్టుబాటో ఫీడరు వారీగా లెక్కకట్టి తేల్చాలి.

ఆ లెక్కకే పునాది బలహీనం. 1980ల్లో హెచ్‌పీకి ఇంతని ఏటా కట్టే శ్లాబు, 2004 నుంచి ఉచిత విద్యుత్తు. పంపుసెట్లకు మీటర్ల అవసరం పడలేదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన పద్ధతిలో, ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగుల నుంచి మొత్తం వ్యవసాయ వాడకాన్ని అంచనా కట్టారు. సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరిన యూనిట్లలోంచి మీటర్లున్న కనెక్షన్ల వాడకం తీసేస్తే మిగిలేది సాగు వాడకం, లైను నష్టం కలిసిన ముద్ద. సాగు అంచనా పెరిగితే నష్టం కాగితం మీద తగ్గిపోతుంది. ఈ ఊళ్లున్న అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాలు 2020లో తిరుపతి విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) నుంచి విజయవాడ డిస్కంలోకి మారాయి. యాజమాన్యం మారినంత మాత్రాన ఈ ముద్ద విడిపోదు.

బోరుకు మీటరంటే రేపు బిల్లు వస్తుందని రైతు భయం. అది అర్థంలేని భయం అనలేను. అయితే ట్రాన్స్‌ఫార్మరు దాకా పోయే నష్టం తేల్చడానికి ప్రతి బోరుకూ మీటరు అక్కర్లేదు, వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లన్నిటికీ పెట్టి, రీడింగులు ఊళ్లో అందరికీ కనబడేలా ఉంచితే చాలు. ఏటా విద్యుత్ నియంత్రణ మండలి జరిపే బహిరంగ విచారణలో డిస్కం తన ఖర్చులు చూపుతుంది. ఆ కాగితాల్లోనే ఫీడరు వారీగా కాలిన మోటార్ల సంఖ్య, రైతులు పెట్టిన వైండింగ్ ఖర్చు కూడా చేర్చాలి. హెచ్‌వీడీఎస్ ఖరీదెక్కువా తక్కువా అన్నది అప్పుడు తేల్చుదాం.