మైనర్‌గా వ్యవస్థాపకత: ఒక రొయ్యల గుంట లెక్క

జువాలజీనో కామర్స్‌నో మేజర్‌గా తీసుకున్న విద్యార్థికి మైనర్ల జాబితాలో 'వ్యవస్థాపకత' అన్న మాట కనబడగానే రెండు సందేహాలు వస్తాయి. వ్యాపారం తరగతిలో నేర్పితే వచ్చేదేనా అన్నది మొదటిది. ఉద్యోగం చేయాలనుకునే నాకు ఇదెందుకు అన్నది రెండోది. ఈ భాగంలో ఈ రెండింటినీ నెల్లూరు తీరంలోని ఒక గుంట గట్టు మీద నిలబడి పరిశీలిద్దాం.

ముందుగా మైనర్ అంటే ఏమిటో చూద్దాం. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన పాఠ్యక్రమ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. అందులో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు కనీసం 24. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో ఒకే మేజర్, దానికి తోడు మైనర్ అనే పద్ధతి 2023-24లో మొదలైంది. అంటే మైనర్ మీ చదువులో అయిదో వంతు. మిగతా చదువు లేకుండా అది ఒంటరిగా నిలవదు. వ్యవస్థాపకత విషయంలో ఈ మాట మరీ నిజం. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేర్పితే వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు వెతికిన తొలి ప్రయోగాల్లో ఒకటి మన కోస్తాలోనే జరిగింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాదులోని 'సియెట్' సంస్థలో శిక్షణ ఇప్పించారు. ఆ సంస్థే నేటి ఎన్ఐ-ఎంఎస్ఎంఈ. శిక్షణ పొందినవారిని పొందనివారితో పోల్చి, మొదటివారు ఆ తరువాత వ్యాపారంలో ఎక్కువ చురుకుగా ఉన్నారని డేవిడ్ వింటర్‌తో కలిసి రాసిన 1969 నాటి గ్రంథంలో చూపారు. ఆయన వాడిన ఒక ఆట మీకు గుర్తుండాలి. నేలమీద ఒక మేకు, చేతిలో రింగులు. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. కొందరు మేకు పక్కనే నిలబడతారు, కొందరు అదృష్టం మీద భారం వేసి మరీ దూరం నుంచి విసురుతారు. సాధించాలనే పట్టుదల బలంగా ఉన్నవారు మధ్యస్థ దూరం ఎంచుకుంటారు. కష్టమే, కానీ తమ నేర్పుతో అందేది. వ్యవస్థాపకుడంటే తెగించేవాడు అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. సినిమాలు కూడా అదే చెబుతాయి. ఆట చెప్పింది వేరు.

ఇక గుంట దగ్గరకు వద్దాం. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో తిరిగినవారికి ఏరేటర్ల చప్పుడు కొత్త కాదు. ఆ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి నా తరగతిలో ప్రాజెక్టు నివేదిక రాస్తూ "లాభం: 45 శాతం" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఏ కౌంట్ దగ్గర పట్టుబడి చేస్తావు నాయనా?" అని అడిగితే తలగోక్కున్నాడు. వాళ్ళ నాన్నకు ఆ ప్రశ్న నిద్రపట్టనివ్వదు. కొడుకు నివేదికలో దానికి చోటే లేదు.

కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయి అన్న సంఖ్య. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, కిలో ధర ఎక్కువ. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. గుంటలో లక్ష వనామీ పిల్ల వదిలాం, 80 వేలు బతికాయి. 100 కౌంట్ దగ్గర పడితే 800 కిలోలు. కిలో 250 రూపాయల చొప్పున 2 లక్షలు వస్తాయి. అప్పటికి సీడు, మేత, కరెంటు, మందులు, కూలి, లీజు కలిపి 1 లక్షా 80 వేలు అయిందనుకుంటే మిగిలేది 20 వేలు. పట్టకుండా 50 కౌంట్ దాకా పెంచితే 1,600 కిలోలు, 330 చొప్పున 5 లక్షల 28 వేలు. ఖర్చు 3 లక్షల 40 వేలకు చేరినా 1 లక్షా 88 వేలు మిగులుతాయి. కానీ ఈ మధ్య రోజుల్లో తెల్లమచ్చ తగిలితే? హడావిడిగా పట్టి అమ్ముకోవాలి. అప్పుడు 2 లక్షల 60 వేలు ఖర్చుపెట్టి లక్షన్నర రాబట్టాం అనుకుందాం. 1 లక్షా 10 వేల నష్టం.

ఇప్పుడు సగటు కట్టండి. తెగులు వచ్చే అవకాశం సగం ఉన్నా, ఆగితే సగటున 39 వేలు మిగులుతుంది. అంటే ఇప్పుడే పట్టడం కంటే ఆగడమే మేలు అని కాగితం చెబుతుంది. ఇక్కడే చాలామంది విద్యార్థులు పెన్ను మూసేస్తారు. మూయకండి. సగటు అనేది పది గుంటలున్నవాడికి, పది పంటల దాకా నిలబడగలిగినవాడికి పనికొచ్చే లెక్క. ఒకే గుంట, అదీ లీజుకు తీసుకుని, మేత అప్పుగా తెచ్చుకున్నవాడు ఒక్క దెబ్బకే ఆట నుంచి బయటికి పోతాడు. అతడు అడగవలసింది "ఎంత వస్తుంది?" అని కాదు, "ఎంత పోయినా తట్టుకోగలను?" అని. సరస్వతి అనే భారత సంతతి ఆచార్యురాలు అనుభవజ్ఞులైన వ్యవస్థాపకుల ఆలోచనా విధానాన్ని పరిశీలించి, 2001లో ప్రచురించిన పత్రంతో ఈ 'భరించగల నష్టం' అనే భావనకు శాస్త్రంలో చోటు కల్పించారు. మేత అప్పులో మరో చిక్కు ఉంది. అప్పిచ్చిన వ్యాపారికే సరుకు అమ్మాలన్న ఒప్పందం ఉంటే ఎప్పుడు పట్టాలి, ఎంతకు అమ్మాలి అన్న నిర్ణయం సగం మీ చేయి జారిపోయినట్లే. వడ్డీ కాగితం మీద కనబడదు, మేత ధరలో కలిసి ఉంటుంది.

పై లెక్కలో తెగులుకు 'సగం అవకాశం' అని నేను సులభంగా రాసేశాను. ఆ సగం ఎక్కడిది? అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే ఈ తేడా చూపారు: అవకాశాన్ని లెక్కించగలిగితే అది ప్రమాదం, లెక్కించలేనిది అనిశ్చితి. 1990ల మొదట్లో ఈ తీరంలో టైగర్ రొయ్య వేసినవారికి 1994 నాటి వైరస్ ఏ లెక్కలోనూ లేదు. ఒకరు తెగులు నీటిని కాలువలోకి వదిలితే పక్కవారు అదే నీటిని మోటారుతో ఎక్కించుకున్నారు. ఇక 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతివి కాని గుంటలను తొలగించాలని తీర్పు చెప్పింది. తాగునీరు ఉప్పబడటం, పొలాలు చెడటం వంటి ఫిర్యాదులు దాని వెనుక ఉన్నాయి. 2005లో ప్రత్యేక చట్టం, దానితో నమోదు నిబంధనలు వచ్చాయి. 2009 నుంచి వనామీ వచ్చి పరిశ్రమ మళ్ళీ లేచింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచగానే ఇక్కడ గట్టు మీద ధర పడిపోయింది. తెగులు, న్యాయస్థానం, వాషింగ్టన్: మూడింటిలో ఏదీ గుంట యజమాని చేతిలో లేదు.

మేజర్ అవసరం ఇక్కడే. నీటిలో ఆమ్లజని ఎప్పుడు పడిపోతుంది, వైరస్ ఎలా పాకుతుంది అన్నది జువాలజీ చెబుతుంది. అది తెలిసినవాడికి 'సగం' అన్న అంకె గాలిలోంచి పుట్టదు. పీసీఆర్ పరీక్ష చేయించిన సీడు, పక్క గుంటలవారితో కుదుర్చుకున్న నీటి వరస, ఇవి ఆ అంకెను తగ్గిస్తాయి. మైనర్ నేర్పేది ఆ అంకెను ఏ గడిలో పెట్టాలో. గడి తెలిసి అంకె తెలియనివాడి నివేదిక అందంగా ఉంటుంది, అంతే.

ఉద్యోగమే చాలు అనుకునేవారికి ఒక మాట. బ్యాంకులో రుణాల విభాగంలో కూర్చున్నా, మత్స్యశాఖలో చేరినా, మేత కంపెనీ తరఫున ఊళ్లు తిరిగినా, పై లెక్క మీ ముందుకు వచ్చి తీరుతుంది. బల్లకు అవతలి వైపు నుంచి వస్తుంది.

పెట్టుబడి సంగతి కొంత చెప్పాలి. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం ఈ జిల్లాను కుదిపేసినప్పుడు దానికి బీజం అక్షరాస్యత తరగతుల్లో పడింది. ఆ వెనుక వచ్చిన 'పొదుపులక్ష్మి'లో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున దాచారు. రూపాయి చిన్నదే. కానీ ఆ డబ్బుపై నిర్ణయం వారిదే, వడ్డీ వారిలో వారికే. మేత అప్పుతో దీన్ని పోల్చి చూడండి.

అభ్యాసం: మీకు దగ్గరలోని ఒక గుంటకు గానీ, ఇడ్లీ బండికి గానీ, కుట్టు కేంద్రానికి గానీ వెళ్లండి. యజమాని అనుమతితో ఒక వారం ఖర్చులు రాసుకోండి. ఇంటివారి శ్రమకు కూలి కట్టారా లేదా చూడండి. ఆపైన ఒకే ప్రశ్న అడగండి: ఏది జరిగితే ఈ పని ఆపేస్తారు? జవాబును వారి మాటల్లోనే రాసి, అది మీ లెక్కలో ఏ గడిలోకి వస్తుందో గుర్తించండి. ఏ గడిలోకీ రాకపోతే ఆ మాట కూడా రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి.