పసివారి ముక్కులో కాపలా కణాలు!

* బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన వ్యాధి కాదు
* పీసీవీ టీకాతో పిల్లలకే కాక పెద్దలకూ రక్షణ

మడికొండ: చలిగాలులు మొదలైతే చాలు.. మడికొండలో ఏ వీధిలో చూసినా ముక్కు కారుతున్న పిల్లలే కనిపిస్తారు. బిడ్డకు జలుబు చేయగానే తల్లిదండ్రులు కలవరపడి మందుల దుకాణానికి పరుగెత్తి యాంటీబయాటిక్స్ తెచ్చి తాగిస్తుంటారు. చాలా జలుబులకు వైరస్‌లే కారణం. వాటిపై ఆ మందులు పనిచేయవు. పసివారి ముక్కులో బ్యాక్టీరియా నివసించడం సహజమేనని, దానిని అదుపులో ఉంచే కణాలూ అక్కడే ఉంటాయని వైద్యశాస్త్రం చెబుతోంది.

ఏమిటీ న్యుమోకాకస్?

న్యుమోనియా, మెదడు పొరల వాపు, చెవిలో చీము వంటి వ్యాధులకు ముఖ్య కారకం న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా. దీనిని 1881లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్ విడివిడిగా గుర్తించారు. ఇందులో 90కి పైగా రకాలున్నాయి. అయిదేళ్లలోపు పిల్లల ముక్కు వెనుక భాగంలో చేరి, ఏ బాధా కలిగించకుండా వారాల తరబడి ఉండిపోతుంది. తుమ్ములు, తుంపరల ద్వారా ఇంట్లోని తాతలకు, నానమ్మలకు సోకుతుంది.

కాపలా ఇలా..

ముక్కులోని జిగురు పొర క్రిములను పట్టి ఉంచగా, సన్నని నూగు వాటిని బయటకు నెడుతుంది. ముక్కు వెనుకనున్న అడినాయిడ్స్, గొంతులోని టాన్సిల్స్ రోగనిరోధక కణాలకు శిక్షణ శిబిరాల వంటివి. అక్కడి బి కణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. టి కణాలు సంకేతాలు పంపగానే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తరలివచ్చి క్రిములను మింగేస్తాయి. పసికందుల్లో ఈ వ్యవస్థ ఇంకా పరిణతి చెందదు. వయసు పెరిగేకొద్దీ బలపడుతుంది. అందుకే పెద్ద పిల్లల్లో ఈ బ్యాక్టీరియా తక్కువగా కనిపిస్తుంది.

కంచె తెగితే ముప్పు

ఫ్లూ వంటి వైరస్‌లు ముక్కు లోపలి పొరను దెబ్బతీసినప్పుడు బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి చొరబడుతుంది. పొగ సైతం నూగు కదలికను మందగింపజేస్తుంది. కట్టెల పొయ్యి, బీడీ పొగతో పాటు చెత్త కాల్చినప్పుడు వచ్చే పొగా పసివారికి ప్రమాదమే. వరంగల్ నగర చెత్తను ఏళ్ల తరబడి మోసిన మడికొండకు ఈ మాట మరీ వర్తిస్తుంది. అవసరం లేకుండా వాడే యాంటీబయాటిక్స్ మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, మందులకు లొంగని రకాలకు చోటిస్తాయి.

టీకాయే రక్ష

దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన పీసీవీ టీకాను 2021లో అన్ని రాష్ట్రాలకు విస్తరించారు. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు మూడు మోతాదులుగా దీన్ని ఉచితంగా వేస్తారు. టీకాలో ఉన్న రకాలు బిడ్డ ముక్కులో తిష్ఠవేయడం తగ్గుతుంది. తద్వారా ఇంట్లోని వృద్ధులకూ సోకడం తగ్గుతుంది. తల్లిపాలు కూడా బిడ్డకు ప్రతిరక్షకాలను అందిస్తాయి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషం పాటు శ్వాసలు లెక్కించాలి. 2 నెలలలోపు వారిలో 60, ఏడాదిలోపు వారిలో 50, అయిదేళ్లలోపు వారిలో 40 లేదా అంతకు మించితే న్యుమోనియాగా అనుమానించాలి. డొక్కలు ఎగరేయడం, పాలు తాగలేకపోవడం, మగతగా ఉండటం ప్రమాద సూచికలు. అటువంటప్పుడు సొంత వైద్యం మాని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.