నవాంశకు ముందు పుట్టిన ఊరు చూసుకోండి!

"అమ్మాయి చక్కగా ఉంది, కుటుంబం మంచిది, పాయింట్లూ బాగానే వచ్చాయి. నవాంశే కుదర్లేదండీ..."

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు సంబంధాలు చూసే ఇళ్లలో ఇలాంటి మాట కొత్తేమీ కాదు. ఇంతకీ ఏమిటీ నవాంశ?

అంశ చక్రాలంటే...

జాతకంలో ముందు కనిపించేది రాశిచక్రం. ఒక్కో రాశికి 30 డిగ్రీలు. ఆ రాశినే ఇంకా చిన్న భాగాలు చేసి వేసేవి అంశ చక్రాలు. పరాశర హోరలో ఇలాంటివి 16 చెప్పారు. పిల్లల గురించి సప్తాంశ, ఉద్యోగానికి దశాంశ, తల్లిదండ్రులకు ద్వాదశాంశ, పెళ్లికి నవాంశ చూస్తారు. కంప్యూటర్ జాతకంలో 'డి-9' అని ఉండేది ఇదే. రాశిని తొమ్మిది చేస్తే ఒక్కో భాగం 3 డిగ్రీల 20 కళలు.

పదమూడు నిమిషాల్లో...

లగ్నం మారడానికి సుమారు 2 గంటలు పడుతుంది. నవాంశ లగ్నం మాత్రం సుమారు 13 నిమిషాలకే మారిపోతుంది. చిక్కంతా ఇక్కడే!

తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. పాప పుట్టింది రాజోలులో, పెరిగింది హైదరాబాదులో. బయోడేటాలో పుట్టిన ఊరు కూడా హైదరాబాదేనని రాసేస్తారు. రెండు ఊళ్ల రేఖాంశాలకు మూడు డిగ్రీలకు పైనే తేడా. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 13 నిమిషాలు దాటుతుంది. అంటే ఇంచుమించు ఒక నవాంశ జరిగిపోయినట్టే. పిల్ల అదే, పుట్టిన టైమూ అదే, చక్రం మాత్రం వేరు!

నక్షత్ర పాదం సంగతి వేరు. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, మొత్తం 108. పన్నెండు రాశుల నవాంశలూ 108. చంద్రుడున్న పాదమే చంద్రుడి నవాంశ. అది మారడానికి సుమారు 6 గంటలు పడుతుంది. అందుకే పాయింట్లు కలిసినా నవాంశ లగ్నం దగ్గర తేడా రావచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

* పుట్టిన ఊరంటే కాన్పు జరిగిన ఊరే. తండ్రి ఉద్యోగం చేసే ఊరు కాదు.
* జనన ధ్రువపత్రంలో సాధారణంగా తేదీ మాత్రమే ఉంటుంది. టైము కోసం ఆసుపత్రి డిశ్చార్జి కాగితం దాచండి.
* "తెల్లవారుజామున, నాలుగూ అయిదూ మధ్య" అన్న లెక్కతో వేసిన నవాంశను పట్టుకుని సంబంధం వదులుకోవద్దు.
* నవాంశను రాశిచక్రంతో కలిపి చూడాలన్నదే సంప్రదాయం. ఒక్కదాన్నీ పట్టుకుని తీర్పు చెప్పరు.

జాతకాలకు సైన్సు రుజువు లేదు. నమ్మడం, మానడం మీ ఇష్టం. నమ్మేవాళ్లయినా సరే, తప్పు ఊరు పేరుతో వేసిన చక్రం చూసి పిల్లకి వంక పెట్టడం మాత్రం న్యాయం కాదు. అబ్బాయి గుణం, అలవాట్లు, ఉద్యోగం, అన్నిటికన్నా అమ్మాయి ఇష్టం... వీటిని ఏ అంశ చక్రమూ చెప్పదు. అవి అడిగి తెలుసుకోవాల్సిందే!