వెబ్ పేజీ ఎందుకు చెదురుతుంది?

2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాలలో భూమి స్వల్పంగా కంపించిన సంగతి మీరు వినే ఉంటారు. 21వ తేదీన, ఆ మరునాడు కూడా జనం భయపడి ఇళ్ళలోంచి బయటికి వచ్చేశారు. అలాంటప్పుడు ఏం చేయాలో చెబుతూ మీ బడి తరఫున ఒక వెబ్ పేజీ తయారు చేశారనుకుందాం. బడిలోని కంప్యూటరు మీద అది ముచ్చటగా ఉంది. కాని ఊళ్ళో ఎక్కువమంది దాన్ని చూసేది సెల్‌ఫోనులో కదా! అక్కడ అక్షరాలు చీమ తలకాయలంత కనిపిస్తున్నాయి. "గట్టి బల్ల కింద దూరండి" అన్న వాక్యంలో సగం తెర అంచు దాటి పోయింది. భూమి కదిలే వేళ సగం వాక్యం ఎవరికి పనికివస్తుంది?

తప్పును పట్టుకునే ముందు ఒక సంగతి తెలుసుకోండి. పేజీలో శీర్షిక, పేరా, బొమ్మ ఏదైనా సరే, బ్రౌజరు దాన్ని ఒక దీర్ఘచతురస్రపు పెట్టెగానే లెక్కిస్తుంది. పేజీ చెదిరిందంటే, చాలాసార్లు ఏదో ఒక పెట్టె కొలత తప్పిందన్నమాట. కొలతలను పిక్సెళ్ళలో చెబుతారు.

అక్షరాలు మరీ చిన్నవైతే

ఫోను తెర వెడల్పు 360 పిక్సెళ్ళు అనుకోండి. పేజీలో ఏ సూచనా లేకపోతే చాలా ఫోన్లు అది పెద్ద కంప్యూటరు కోసం చేసిన పేజీ అనుకుంటాయి. దాన్ని 980 పిక్సెళ్ళ వెడల్పున అమర్చి, తెరలో పట్టేలా కుదిస్తాయి. అప్పుడు 16 పిక్సెళ్ళ అక్షరం దాదాపు 6 పిక్సెళ్ళకు తగ్గిపోతుంది! దీనికి మందు ఒక్క వాక్యమే. పేజీ తలభాగంలో 'వ్యూపోర్ట్' అనే మెటా ట్యాగు పెట్టి, "పేజీ వెడల్పు పరికరం వెడల్పుకు సమానం" అని చెప్పాలి.

పెట్టె అంచు దాటితే

మార్కాపురం పలకను తలుచుకోండి. రాసే రాయి వెడల్పు ఒకటి, చెక్క చట్రంతో కలిపిన వెడల్పు మరొకటి. రాయిని మాత్రమే కొలిచి సంచీ కుట్టిస్తే పలక అందులో పడుతుందా? వెబ్ పేజీలో జరిగేదీ ఇదే. పేజీల రూపాన్ని నిర్ణయించే సి.ఎస్.ఎస్. భాషకు తొలి ప్రమాణం 1996 డిసెంబరులో వెలువడింది. అందులో 'విడ్త్' అంటే లోపలి భాగం వెడల్పు మాత్రమే. ఇప్పటికీ, వేరే చెప్పకపోతే బ్రౌజరు అలాగే లెక్కిస్తుంది. మీరు విడ్త్ 360 అని, లోపలి ఖాళీ అంటే 'ప్యాడింగ్' ఇరువైపులా 20 చొప్పున, గీత అంటే 'బోర్డర్' 2 చొప్పున ఇచ్చారనుకోండి. మొత్తం 360 + 40 + 4 = 404. తెర కన్న 44 ఎక్కువ! 'బాక్స్ సైజింగ్' అనే గుణానికి 'బోర్డర్ బాక్స్' అని విలువ ఇస్తే చట్రంతో సహా 360 లోనే ఇముడుతుంది. బొమ్మలు అంచు దాటుతుంటే వాటి గరిష్ఠ వెడల్పు నూటికి నూరు పాళ్ళనీ, ఎత్తు 'ఆటో' అనీ చెప్పండి. అప్పుడు బొమ్మ సాగిపోకుండా తగ్గుతుంది.

వత్తులు గుద్దుకుంటే

ఇది మన తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు. 'రాష్ట్రీయ' అని రాసి చూడండి. పైన గుడి, కింద వత్తులు! ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన వరుసల ఎడం మనకు చాలదు. పై వరుస వత్తు కింది వరుస గుడి మీద పడుతుంది. అందుచేత 'లైన్ హైట్' ను అక్షరం కొలతకు 1.7 రెట్లు ఉంచి చూడండి. 16 పిక్సెళ్ళ అక్షరానికి వరుస ఎత్తు సుమారు 27 అవుతుంది. పెట్టె ఎత్తును 40 అని బిగించకండి. చిన్న తెరమీద వాక్యం రెండు వరుసలైతే 54 కావాలి కదా! ఎత్తును వదిలేస్తే పెట్టె తనంతట తనే పెరుగుతుంది.

తప్పు ఏ పెట్టెదో తెలియకపోతే?

అన్ని పెట్టెల చుట్టూ 'అవుట్‌లైన్' తో ఎర్రగీత గీయించండి. తెర దాటిన పెట్టె వెంటనే దొరికిపోతుంది. బోర్డర్ ఎందుకు వద్దంటారా? బోర్డర్ చోటు తీసుకుంటుంది, అవుట్‌లైన్ తీసుకోదు. కొలిచే సాధనమే కొలతను మార్చకూడదు! ఆ తర్వాత ఒక్కసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడండి. ప్రయోగశాలలో మీరు చేసేది కూడా అదే కదా. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. చివరగా పేజీని మీ ఇంట్లోని అతి చిన్న ఫోనులో తెరిచి, పెద్దవాళ్ళ చేత చదివించండి. వాళ్ళు ఆగకుండా చదివితే మీ పేజీ సిద్ధమైనట్లే.

ఆలోచించండి: తెర వెడల్పు 320. పెట్టె విడ్త్ 300, ప్యాడింగ్ ఇరువైపులా 15, బోర్డర్ ఇరువైపులా 1. పెట్టె తెరలో పడుతుందా? పట్టకపోతే ఎన్ని పిక్సెళ్ళు బయటికి పోతుంది?